గొళ్లెం సరకు, ఇనప్పెట్టె సరకు: మానేసిన టీమ్ వదిలిన కోడ్‌ను తిరిగి తీసిన ప్రాజెక్టు డైరీ

1వ రోజు

సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. రాసినవాళ్లు ఎవరూ ఇప్పుడు ఉద్యోగంలో లేరు. ఒక్క లైను మార్చాలన్నా సోర్సు (మనుషులు రాసిన అసలు కోడ్) కావాలి, సోర్సున్న ప్రతిచోటా ఏదో ఒక పాస్‌వర్డు అడుగుతోంది. చేతికొచ్చినవి ఇవి: కోడ్‌ను మార్పుల చరిత్రతో సహా దాచే సబ్‌వర్షన్, గిట్‌ల్యాబ్ రెండూ ఉన్న పాత సర్వర్ డిస్కు, ఒక విండోస్ ల్యాప్‌టాప్, మాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్లు, మూడు జిప్‌లు, ఒక సెవెన్‌జిప్ ఫైలు, ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకప్, ఇంకా ఆన్‌లోనే ఉన్న ఒక లినక్స్ బిల్డ్ మెషీను (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే కంప్యూటర్).

అన్నిటికన్నా ముందు బిల్డ్ మెషీను మీద కాగితం అంటించాం: ఆపొద్దు, రీబూట్ చేయొద్దు, అప్‌డేట్లు వేయొద్దు. కారణం రేపటి పనిలో ఉంది.

తర్వాత అనుమతి పత్రం. కోడ్ సంస్థదే అని చూపే ఒప్పందం ప్రతి, ఏ పరికరాలు, ఏ ఫైళ్లు తెరవవచ్చో రాసి అధికారం ఉన్నవాళ్లు సంతకం చేసిన జాబితా. మానేసినవాళ్ల సొంత మెయిల్, సొంత ఫోటోలు, బ్రౌజర్‌లో దాచుకున్న వ్యక్తిగత పాస్‌వర్డులు జాబితాలో లేవు, వాటి జోలికి వెళ్లేది లేదు. ఈ కాగితం లేకుండా పని మొదలుపెడితే రేపు తీసిన కోడ్ కూడా వివాదంలో పడుతుంది.

డిస్కులకు రైట్ బ్లాకర్ (డిస్కు మీద ఏమీ రాయనివ్వని పరికరం) తగిలించి ఇమేజ్‌లు, అంటే బైటుకు బైటు కాపీలు తీశాం. సర్వర్ డిస్కులో చదవలేని సెక్టార్లు కనిపించాయి కాబట్టి మామూలు డీడీ బదులు డీడీరెస్క్యూ వాడాం. అది మంచి భాగాలను ముందు లాగేసి, మొండికేసిన చోట్లకు చివర్లో వస్తుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు ఇవ్వడం మరిస్తే మధ్యలో ఆగినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. ప్రతి ఇమేజ్‌కూ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఒక్క బైటు మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి విలువ) తీసి పుస్తకంలో రాశాం. ఇక్కడి నుంచి పనంతా కాపీల మీదే.

సాయంత్రం సరకును రెండు కుప్పలు చేశాం. పాస్‌వర్డు అడిగే ప్రోగ్రామ్ ఒకటి అడ్డం నిలబడిందే తప్ప కింద డేటా మామూలుగానే ఉంటే అది గొళ్లెం సరకు. పాస్‌వర్డు నుంచి పుట్టిన కీతో డేటానే మార్చేసి ఉంటే అది ఇనప్పెట్టె సరకు. ఈ పనిలో సమయం వృథా అయ్యేది ఎక్కువగా ఈ రెంటినీ కలగలిపి చూడటం వల్లే. గొళ్లేనికి పాస్‌వర్డు వెతుకుతూ వారం పోగొట్టుకుంటారు, ఇనప్పెట్టె మీద మాయ టూల్ నొక్కి చేతులు కాల్చుకుంటారు.

ఏది ఏ కుప్పలోదో ఫైలు మొదటి బైట్లు చెబుతాయి. హెక్స్ ఎడిటర్‌లో జిప్ 50 4బీ 03 04తో, సెవెన్‌జిప్ 37 7ఏ బీసీ ఏఎఫ్ 27 1సీతో మొదలవుతాయి. కొత్త తరహా ఎక్సెల్ ఫైలు లోపల జిప్పే కాబట్టి అదీ 50 4బీతోనే మొదలవ్వాలి. అలా కాక డీ0 సీఎఫ్ 11 ఈ0 కనిపిస్తే ఫైలు మొత్తం ఎన్‌క్రిప్ట్ అయిందని అర్థం. పాత .ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లు మాత్రం తాళం లేకున్నా డీ0 సీఎఫ్‌తోనే మొదలవుతాయి, వాటిని చూసి బెదిరిపోనక్కర్లేదు.

2వ రోజు: బిల్డ్ మెషీను

డిస్కు లక్స్ (లినక్స్‌లో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) ఎన్‌క్రిప్షన్‌తో ఉంది, పాస్‌ఫ్రేజ్ ఎవరికీ తెలియదు. అయితే మెషీను నడుస్తోంది, డిస్కు మౌంట్ అయి ఉంది, నిర్వహణ టీమ్ దగ్గర రూట్ (పూర్తి నిర్వాహక) అధికారం ఉంది. అంటే ఇనప్పెట్టె తలుపు ప్రస్తుతానికి తెరిచే ఉంది, కరెంటు పోతే మూసుకుంటుంది.

తెలివితేటలన్నీ పక్కనపెట్టి ముందు ఆర్‌సింక్‌తో సోర్సు, బిల్డ్ స్క్రిప్టులు, సీఐ (ఆటోమేటిక్ బిల్డ్) సెట్టింగులు మొత్తం వేరే మెషీనుకు కాపీ చేశాం. అది పూర్తయి, హ్యాష్‌లు సరిపోయాకే రెండో అడుగు.

క్రిప్ట్‌సెటప్‌లో లక్స్‌యాడ్‌కీ కమాండ్ కొత్త పాస్‌ఫ్రేజ్ పెట్టే ముందు పాతది అడుగుతుంది. దాని బదులు వాల్యూమ్ కీనే (డిస్కును నిజంగా ఎన్‌క్రిప్ట్ చేసే కీ) ఇవ్వవచ్చు. ఇది లక్స్1 కాబట్టి డీఎంసెటప్ టేబుల్ కమాండ్‌కు షోకీస్ ఆప్షన్ ఇస్తే కీ హెక్స్‌లో కనిపించింది. లక్స్2 అయితే కీ సాధారణంగా కెర్నెల్ కీరింగ్‌లో ఉంటుంది, అక్కడ దాని పేరు మాత్రమే కనబడుతుంది. అప్పుడు కాపీ చేసుకోవడంతోనే ఆగిపోవాలి.

ముందుగా హెడర్ (పాస్‌ఫ్రేజ్‌ల స్లాట్లుండే భాగం) బ్యాకప్. తర్వాత హెక్స్ కీని ఎక్స్‌ఎక్స్‌డీతో బైనరీగా మార్చి ర్యామ్‌లోని డెవ్/ఎస్‌హెచ్‌ఎం ఫోల్డర్‌లో పెట్టాం, డిస్కు మీద కాదు. మొదటిసారి ఫెయిలైంది. ఫైలు సైజు చూస్తే 128 బైట్లు, అంటే హెక్స్ అక్షరాలే నేరుగా ఫైల్లోకి వెళ్లాయి. 512 బిట్ల కీకి ఉండాల్సింది సరిగ్గా 64 బైట్లు. సరిచేశాక కొత్త పాస్‌ఫ్రేజ్ ఖాళీ స్లాటులో కూర్చుంది. లక్స్1లో మొత్తం 8 స్లాట్లు ఉంటాయి. టెస్ట్-పాస్‌ఫ్రేజ్ ఆప్షన్‌తో అది పనిచేస్తోందని చూసిన తర్వాతే రీబూట్. పాత స్లాట్లను ఇప్పుడే చెరిపేయలేదు.

3వ రోజు: సబ్‌వర్షన్, గిట్

రెండూ గొళ్లెం సరకే. సబ్‌వర్షన్ పాస్‌వర్డు అడిగేది ఎస్‌వీఎన్‌సర్వ్ లేదా వెబ్ సర్వర్. రిపోజిటరీ ఫోల్డర్ డిస్కు మీద ఉంటే లోపల కాన్ఫ్, డీబీ, హుక్స్, లాక్స్ కనిపిస్తాయి. కాన్ఫ్‌లోని పాస్‌డబ్ల్యూడీ ఫైల్లో వాడుకరుల పాస్‌వర్డులు మామూలు అక్షరాల్లోనే ఉన్నాయి, కానీ వాటితో పని లేదు. ఫైల్ ప్రోటోకాల్‌తో చెకౌట్ చేస్తే (కోడ్‌ను బయటికి తీస్తే) ఎవరూ ఏమీ అడగరు. డీబీ ఫోల్డర్‌లో ఎఫ్‌ఎస్-టైప్ అనే చిన్న ఫైలు చూడాలి. ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఎస్ అని ఉంటే చింత లేదు. బీడీబీ (పాత నిల్వ పద్ధతి) అని ఉంటే ఆ మద్దతుతో బిల్డ్ చేసిన సబ్‌వర్షన్ కావాలి.

ఎస్‌వీఎన్‌అడ్మిన్ వెరిఫై నడిపితే ఒక రివిజన్ (చరిత్రలో నమోదైన ఒక మార్పు) దగ్గర ఆగింది. డిస్కులో చదవలేని సెక్టార్ సరిగ్గా అక్కడే పడింది. ఆ రివిజన్ వరకు ఒక డంప్, దాని తర్వాత నుంచి ఇంకో డంప్ తీశాం. రెండోది ఇంక్రిమెంటల్ ఆప్షన్ లేకుండా తీస్తే మొదటి రివిజన్‌లో చెట్టంతా ఉంటుంది, కాబట్టి దాన్ని వేరే ఖాళీ రిపోజిటరీలోకి లోడ్ చేయాల్సి వచ్చింది. చరిత్రలో ఒక ముక్క పోయింది, తాజా కోడ్ మాత్రం పూర్తిగా దక్కింది.

గిట్‌ల్యాబ్‌లో నిర్వాహకుడి పాస్‌వర్డు మార్చడానికి గిట్‌ల్యాబ్-రేక్ కమాండ్ ఉంది. సర్వీసు లేవగలిగితే అదే సులువు. ఈ డిస్కు నుంచి సర్వీసు లేవలేదు కాబట్టి బేర్ రిపోజిటరీలను (చరిత్ర మాత్రమే ఉండే గిట్ ఫోల్డర్లను) నేరుగా క్లోన్ చేశాం, అంటే చరిత్రతో సహా కాపీ తీశాం. ఫోల్డర్లలో ప్రాజెక్టు పేర్లుండవు. @హ్యాష్డ్ కింద ప్రాజెక్టు ఐడీకి తీసిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువే ఫోల్డర్ పేరు. ఐడీ 1 అయితే 6బీ86బీ273తో మొదలయ్యే ఫోల్డర్. ఐడీలు 1 నుంచి వరసగా హ్యాష్ చేసి పట్టిక కట్టుకుంటే ఏది ఏదో తేలిపోతుంది. హ్యాష్ చేసేటప్పుడు ఎకో కమాండ్ చివర్లో కొత్త లైను అక్షరం కలుపుతుంది, అది కలిస్తే విలువ మొత్తం మారిపోతుంది. పక్కనే ఉన్న .వికీ.గిట్ ఫోల్డర్లను వదలొద్దు, ఇన్‌స్టాలేషన్ పద్ధతులు చాలాసార్లు అక్కడే ఉంటాయి.

క్లోన్ చేయబోతే డ్యూబియస్ ఓనర్‌షిప్ అనే ఎర్రర్ వస్తుంది. ఇది పాస్‌వర్డు సమస్య కాదు. ఫోల్డర్ యజమాని వేరే యూజర్ కావడం వల్ల గిట్ 2.35.2 నుంచి వచ్చిన భద్రతా తనిఖీ. కాపీకి యజమానిని మార్చితే సరి. పెద్ద ఫైళ్లు కొన్ని 130 బైట్ల చుట్టుపక్కల టెక్స్ట్‌గా కనిపించాయి. అవి ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్లను విడిగా దాచే గిట్ పద్ధతి) పాయింటర్లు, అసలు ఫైళ్లు ఎల్‌ఎఫ్‌ఎస్-ఆబ్జెక్ట్స్ ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి.

ఒక రిపోజిటరీలో కాన్ఫిగరేషన్ ఫైళ్లన్నీ చదవలేని బైట్లు. మొదట్లో సున్నా బైటు, తర్వాత గిట్‌క్రిప్ట్ అనే అక్షరాలు, మళ్లీ సున్నా బైటు. ఇది ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే గిట్-క్రిప్ట్ టూల్ పని, అంటే ఇనప్పెట్టె. పక్కన పెట్టాం.

4వ రోజు: ఎక్సెల్ మాక్రోలు

మాక్రోల కోడ్ ఉండే వీబీఏ ప్రాజెక్టుకు పెట్టే పాస్‌వర్డు గొళ్లేల్లోకెల్లా బలహీనమైనది. కోడ్ లోపల కుదించి మాత్రమే ఉంటుంది, ఎన్‌క్రిప్ట్ అయి ఉండదు. ఓఎల్‌ఈటూల్స్‌లోని ఓఎల్‌ఈవీబీఏ నడిపితే ఫైలును ముట్టుకోకుండానే మాడ్యూళ్లన్నీ టెక్స్ట్‌గా బయటికొచ్చాయి. ఒక గంట పని.

కానీ యూజర్‌ఫామ్‌ల (మాక్రో చూపించే కిటికీల) రూపం, బటన్లు ఎక్కడున్నాయన్న వివరం అలా తీసిన టెక్స్ట్‌లో రాదు. వాటికోసం పాత ఉపాయం: కాపీకి .జిప్ అని పేరు మార్చి, ఎక్స్‌ఎల్ ఫోల్డర్‌లోని వీబీఏప్రాజెక్ట్.బిన్‌ను హెక్స్ ఎడిటర్‌లో తెరిచి, డీపీబీ= అన్నచోట బీని ఎక్స్‌గా మార్చి, అదే చోట తిరిగి పెట్టడం. ఒక అక్షరానికి ఒక అక్షరమే, పొడవు మారకూడదు. ఎక్సెల్‌లో తెరవగానే చెల్లని కీ ఉందంటుంది, కొనసాగించమనాలి. తర్వాత వచ్చే ఎర్రర్లు దాటుకుని ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో ప్రొటెక్షన్ ట్యాబ్‌కు వెళ్లి తెలిసిన పాస్‌వర్డు పెట్టి, సేవ్ చేసి, మూసి తెరవాలి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, ఫైళ్లన్నీ విప్పి మళ్లీ జిప్ చేసేటప్పుడు పైన ఒక అదనపు ఫోల్డర్ చేరడం. అప్పుడు ఫైలు చెడిపోయిందని ఎక్సెల్ అంటుంది. జిప్ తెరిచి ఉండగానే ఆ ఒక్క ఫైలును మార్చితే ఈ గొడవ లేదు. మాక్రోకు డిజిటల్ సంతకం ఉంటే అది చెల్లకుండా పోతుంది, మళ్లీ చేయాలి.

ఒక యాక్సెస్ ఫైలు .ఎండీఈ అని తేలింది. అందులో పాస్‌వర్డు తీసినా ఉపయోగం లేదు, ఆ ఫార్మాట్‌లోకి మార్చినప్పుడే వీబీఏ సోర్సును తీసేస్తారు. దాని .ఎండీబీ మూలం కోసం మిగతా ఇమేజ్‌లలో వెతకాలి.

5, 6 రోజులు: ల్యాప్‌టాప్

డిస్కు బిట్‌లాకర్‌తో (విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్) ఉంది. రికవరీ కీ, అంటే 6 అంకెల గుంపులు 8, మొత్తం 48 అంకెలు, సంస్థ డైరెక్టరీలో భద్రంగా ఉంది. అది లేకపోతే ఈ అధ్యాయమే ఉండేది కాదు.

తెరిచాక సోర్సు ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లు ఆకుపచ్చగా కనిపించాయి. అది ఈఎఫ్‌ఎస్ (విండోస్‌లో ఒక్కో ఫైలును ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి), అంటే ఇనప్పెట్టె లోపల ఇంకో ఇనప్పెట్టె. ఇక్కడ ఒక్క తప్పు అడుగు చాలు, అంతా పోతుంది. లోకల్ ఖాతా పాస్‌వర్డును నిర్వాహకుడు రీసెట్ చేస్తే, లేదా బూటబుల్ యూఎస్‌బీతో చెరిపేస్తే, లాగిన్ అవుతుంది గానీ ఈఎఫ్‌ఎస్ కీ తెరుచుకోదు. ఆ కీని కాపాడేది డీపీఏపీఐ (విండోస్‌లో రహస్యాలను దాచే ఏర్పాటు), డీపీఏపీఐ మాస్టర్ కీని కాపాడేది పాత పాస్‌వర్డు. క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిన గిట్ పాస్‌వర్డులూ అదే దారిలో పోతాయి. విండోస్ హెచ్చరిస్తుంది, చదవకుండా ఓకే నొక్కేస్తారు.

ఇది డొమైన్ ఖాతా (సంస్థ కేంద్ర సర్వర్ అయిన డొమైన్ కంట్రోలర్ నడిపే ఖాతా). డొమైన్ ఖాతాల మాస్టర్ కీలకు డొమైన్ కంట్రోలర్ దగ్గర బ్యాకప్ కీ ఉంటుంది. అందుకే ఇమేజ్ ఇంకోసారి సరిచూసుకుని, ఖాతాను తాత్కాలికంగా చేతనం చేసి, డొమైన్ వైపు నుంచి పాస్‌వర్డు మార్చి, నెట్‌వర్క్ కేబుల్ తగిలించి లాగిన్ అయ్యాం. కంట్రోలర్ అందకపోతే మాస్టర్ కీ తెరుచుకోదు, కాబట్టి కేబుల్ అలంకారం కాదు. సైఫర్ కమాండ్‌కు /సీ ఇస్తే ఆ ఫైలును ఎవరు తెరవగలరో చూపించింది, మేం లాగిన్ అయిన ఖాతా అందులో ఉంది. ఫైళ్లను ఎక్స్‌ఫ్యాట్ డ్రైవుకు కాపీ చేశాం. విప్పిన రూపంలోనే చేరాయి. పని కాగానే ఖాతా మళ్లీ మూశాం.

ల్యాప్‌టాప్‌లో దొరికిన అసలు నిధి, 3వ రోజు మూలపడేసిన రిపోజిటరీకి అన్‌లాక్ చేసి ఉన్న క్లోన్. గిట్-క్రిప్ట్ కీ అలాంటి క్లోన్‌లో .గిట్/గిట్-క్రిప్ట్/కీస్ కింద డిఫాల్ట్ అనే పేరుతో ఉంటుంది. దాన్ని తీసుకుని సర్వర్ నుంచి చేసిన క్లోన్‌ను అన్‌లాక్ చేస్తే కాన్ఫిగరేషన్ ఫైళ్లన్నీ చదవగలిగేలా వచ్చాయి. అదే క్లోన్‌లో సర్వర్‌కు పుష్ చేయని (పంపని) రెండు బ్రాంచ్‌లు, స్టాష్‌లో (కమిట్ చేయకుండా పక్కన దాచిన మార్పుల్లో) కొంత పని కూడా ఉన్నాయి. స్టాష్ మామూలుగా క్లోన్ చేస్తే రాదు, ఫోల్డర్‌నే కాపీ చేయాలి.

8వ రోజు: జిప్‌లు

సెవెన్‌జిప్ ప్రోగ్రామ్‌లో తెరిచి మెథడ్ కాలమ్ చూశాం. రెండు జిప్‌లకు జిప్‌క్రిప్టో (పాత జిప్ ఎన్‌క్రిప్షన్), ఒకదానికి ఏఈఎస్-256 (గట్టి ఎన్‌క్రిప్షన్). జిప్‌లో పాస్‌వర్డు ఉన్నా ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, పాత పద్ధతిలోనైతే సీఆర్‌సీ (ఫైలు సరిచూసుకునే చిన్న సంఖ్య) విలువలు కూడా.

జిప్‌క్రిప్టో పేరుకు ఎన్‌క్రిప్షనే. లోపలి ఫైలులో కొంత భాగం తెలిస్తే మొత్తం విప్పవచ్చని బిహామ్, కోచర్ 1994లోనే చూపించారు. బీకేక్రాక్ అనే టూల్‌కు కనీసం 12 తెలిసిన బైట్లు, అందులో 8 వరసగా ఉండాలి. ఎక్కువ ఇచ్చే కొద్దీ వేగం. చిక్కు ఏమిటంటే, ఎన్‌క్రిప్షన్ జరిగేది కుదించిన తర్వాత. కాబట్టి తెలియాల్సింది కుదించిన రూపంలోని బైట్లు.

ఒక జిప్‌లో మార్పులేమీ చేయని ఓపెన్ సోర్స్ జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఫైలు ఉంది. ఏ వెర్షనో పేరును బట్టి తెలియదు. వెర్షన్లన్నీ దించి సీఆర్‌సీ-32 పోల్చితే ఏదీ కుదరలేదు. లైన్ల చివరలను విండోస్ తరహాకు మార్చి మళ్లీ లెక్కిస్తే ఒకటి సరిపోయింది. ఇక అదే టూల్‌తో, అదే స్థాయిలో కుదించాలి. జిప్‌లో కనిపించే ప్యాక్డ్ సైజులో 12 తీసేస్తే వచ్చేది కుదించిన సైజు, ఆ 12 ఎన్‌క్రిప్షన్ హెడర్. స్థాయిలు ఒక్కొక్కటిగా మార్చుతూ ఆ సైజు బైటుతో సహా సరిపోయేదాకా చూశాం. సరిపోయాక మూడు 32 బిట్ల కీలు త్వరగానే వచ్చాయి. పాస్‌వర్డు ఏమిటో తెలియనక్కర్లేదు, ఆ మూడు కీలతోనే తెలిసిన పాస్‌వర్డున్న కొత్త జిప్ రాయించవచ్చు.

రెండో జిప్‌లో అలాంటి లైబ్రరీ లేదు. కుదించకుండా స్టోర్ చేసిన పీఎన్‌జీ ఒకటుంది. ఏ పీఎన్‌జీకైనా మొదటి 16 బైట్లు ఒకటే: 8 బైట్ల గుర్తు, 4 బైట్ల పొడవు, ఐహెచ్‌డీఆర్ అక్షరాలు. అంతమాత్రంతోనే నడిపాం, చాలాసేపు పట్టింది, తెరుచుకుంది.

ఏఈఎస్ జిప్‌కు ఈ పప్పులుడకవు. దానికి దారి వేరేచోట దొరికింది. బయటికొచ్చిన రిపోజిటరీల చరిత్రంతా గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి గాలించాం. ఒక పాత బ్యాకప్ బ్యాచ్ ఫైలులో, తర్వాతి కమిట్‌లో తీసేసిన లైనులో, ఆర్కైవ్ కమాండ్ పక్కనే పాస్‌వర్డు ఉంది. గొళ్లెం సరకును ముందు తీయాలనేది ఇందుకే. ఇనప్పెట్టెల తాళాలు చాలాసార్లు గొళ్లెం పెట్టిన గదుల్లోనే ఉంటాయి.

9వ రోజు: స్టోర్డ్ ప్రొసీజర్లు

వ్యాపార లెక్కల్లో సగం డేటాబేస్‌లో, విత్ ఎన్‌క్రిప్షన్ అని పెట్టిన ప్రొసీజర్లలో (డేటాబేస్‌లోనే నడిచే కోడ్‌లో) ఉంది. సిస్.ఎస్‌క్యూఎల్_మాడ్యూల్స్‌లో వాటి డెఫినిషన్ నల్, అంటే ఖాళీ. కానీ నడపడానికి సర్వరే దాన్ని విప్పుకోవాలి కాబట్టి, విప్పడానికి కావలసినదంతా అక్కడే ఉంది. ఒకే ఆబ్జెక్టుకు ప్రతిసారీ ఒకే కీస్ట్రీమ్ (టెక్స్ట్‌ను కప్పే బైట్ల వరస) పుడుతుంది. బ్యాకప్‌ను టెస్ట్ సర్వర్‌లో రీస్టోర్ చేసి, అడ్మిన్ కనెక్షన్‌తో, అంటే సర్వర్ పేరు ముందు అడ్మిన్: పెట్టి, ప్రవేశించాం. మామూలు కనెక్షన్‌కు సిస్.సిసాబ్జ్‌వాల్యూస్ కనిపించదు.

పద్ధతి: ఎన్‌క్రిప్ట్ అయిన బైట్లు చదవాలి. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, అదే ప్రొసీజర్‌ను ఆల్టర్‌తో అంతే పొడవున్న, మనకు తెలిసిన ఉత్తుత్తి టెక్స్ట్‌గా మార్చాలి. మిగిలిన పొడవంతా అడ్డగీతలతో నింపితే చాలు. కొత్త బైట్లు చదివి రోల్‌బ్యాక్ చేయాలి. అసలు బైట్లు, ఉత్తుత్తి బైట్లు, ఉత్తుత్తి టెక్స్ట్, ఈ మూడింటినీ ఎక్సార్ (బిట్‌కు బిట్ పోల్చి కలిపే లెక్క) చేస్తే అసలు కోడ్. టెక్స్ట్ ఒక్కో అక్షరానికి 2 బైట్లని మరవొద్దు.

మొదటి ఫలితంలో పై భాగం చెత్త, కింద అంతా శుభ్రమైన కోడ్. కారణం: ఆల్టర్‌గా ఇచ్చినదాన్ని సర్వర్ క్రియేట్ అని మార్చి దాచుకుంటుంది. ఇంగ్లిష్‌లో 5 అక్షరాల మాట 6 అక్షరాలది అయింది, తల భాగం ఒక్క అక్షరం జరిగింది. అడ్డగీతలున్న చోట ఎంత జరిగినా అడ్డగీతే కాబట్టి కింద తేడా రాలేదు. ఎక్సార్‌కు వాడే టెక్స్ట్‌లో క్రియేట్ అని రాసి, ఒక అడ్డగీత తగ్గిస్తే మొత్తం కుదిరింది.

10 నుంచి 14వ రోజు: సెవెన్‌జిప్ ఫైలు

ఏఈఎస్-256. పాస్‌వర్డు నుంచి కీ తీయడానికి ఎస్‌హెచ్‌ఏ-256ను 5,24,288 సార్లు తిప్పుతుంది. హెడర్ కూడా ఎన్‌క్రిప్ట్ అయింది, ఫైళ్ల పేర్లు కూడా కనిపించవు. తెలిసిన భాగంతో విప్పే ఉపాయాలేవీ లేవు.

ముందు అడగడం. మానేసినవాళ్లకు సంస్థ తరఫున పంపిన మెయిల్‌లో పాస్‌వర్డు ఏమిటని అడగలేదు. ఫైలు పేరు, తేదీ, సైజు ఇచ్చి, ఇది ఏ పనికోసం చేశారు, టీమ్ పాస్‌వర్డులు ఎక్కడ దాచేవారు, ఆర్కైవ్‌లకు ఏదైనా పద్ధతి ఉండేదా అని అడిగాం. ఏళ్ల తర్వాత పాస్‌వర్డు గుర్తుండదు, పద్ధతి గుర్తుంటుంది. ఒక జవాబు వచ్చింది: ప్రాజెక్టు పేరు, సంవత్సరం, చివర ఒక గుర్తు.

లెక్క చూస్తే ఆ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది. సెకనుకు 10,000 ప్రయత్నాలు అనుకుందాం. చిన్న అక్షరాలు, అంకెలు కలిపి 8 స్థానాలంటే 2.8 లక్షల కోట్ల కలయికలు, దాదాపు 9 ఏళ్లు. రిపోజిటరీల నుంచి తీసిన 300 ప్రాజెక్టు, మాడ్యూల్ పేర్లు, 20 సంవత్సరాలు, 5 గుర్తులు, పెద్ద చిన్న అక్షరాల 3 రకాలు అంటే 90,000. తొమ్మిది సెకన్లు.

పాస్‌వర్డులు ప్రయత్నించే హ్యాష్‌క్యాట్ టూల్‌లో సెవెన్‌జిప్‌కు ఉండే మోడ్ 11600తో ఆ జాబితా నడిపాం. దొరకలేదు. రెండంకెల సంవత్సరం, మధ్యలో అండర్‌స్కోర్, దొరికిన పాత పాస్‌వర్డుల మార్పులు కలిపాం. అదీ దొరకలేదు. జాబితా పెంచే ముందు పద్ధతి సరైనదో కాదో చూడాలి కదా. తెలిసిన పాస్‌వర్డుతో చిన్న సెవెన్‌జిప్ ఫైలు చేసి, అదే జాబితాలో ఆ పాస్‌వర్డు కలిపి నడిపితే పట్టుకుంది. కాబట్టి టూల్ తప్పు కాదు, పాస్‌వర్డే జాబితాలో లేదు.

15వ రోజు: అప్పగింత

తీసిన సోర్సు నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌దేనా అన్నది వేరే ప్రశ్న. బిల్డ్ మెషీను మీదే కంపైల్ చేసి, వచ్చిన ఫైళ్లలోని వెర్షన్ నంబర్లు, మెసేజ్ టెక్స్ట్‌లు ఉత్పత్తిలో ఉన్నవాటితో పోల్చాం. ఒక మాడ్యూల్ సబ్‌వర్షన్ తాజా కోడ్‌తో కుదరలేదు, ల్యాప్‌టాప్‌లోని పుష్ చేయని బ్రాంచ్‌తో కుదిరింది. అంటే ఎవరో ఆ ల్యాప్‌టాప్ నుంచే నేరుగా విడుదల చేశారు.

చరిత్రలో కనిపించిన డేటాబేస్ పాస్‌వర్డులు, ఏపీఐ కీలు అన్నీ మార్చాల్సిన జాబితాలో చేరాయి. లక్స్ పాత స్లాట్లు చెరిపి, కొత్త హెడర్ బ్యాకప్ తీశాం. పాత హెడర్ బ్యాకప్‌ను నాశనం చేశాం, ఎందుకంటే దానితో పాత పాస్‌ఫ్రేజ్ మళ్లీ పనిచేస్తుంది.

.ఎండీఈ మూలం ఏ ఇమేజ్‌లోనూ దొరకలేదు, ఆ ఒక్కటీ మళ్లీ రాయాలి. సెవెన్‌జిప్ ఫైలు తెరుచుకోలేదు. దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువ, ప్రయత్నించిన పదాల జాబితా, రూల్ ఫైళ్లు, టెస్ట్ ఫైలు, వచ్చిన జవాబు మెయిల్, అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి అప్పగించాం. తర్వాత ఎవరు మొదలుపెట్టినా ఆ 90,000 నుంచి కాకుండా వాటి తర్వాత నుంచి మొదలుపెట్టవచ్చు.